కండక్టరమ్మ కారుకి డ్రైవరెవరు

కండక్టరమ్మకు కారుంది. కారు నడిపే లైసెన్సు కూడా ఉంది. అయినా ఆ కారు స్టీరింగును ఆమె తుడవడానికి తప్ప ఏనాడూ ముట్టుకోలేదు.

ఆమెకు వేరే పేరు లేక కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో టిక్కెట్లు చింపిన మనిషిని ఆ వీధిలో మరో పేరుతో పిలిచే దమ్ము ఎవరికుంది? ఉద్యోగం దిగి అయిదేళ్ళయినా, బేకరీకి వెళ్ళి రొట్టె అడిగితే చాలు, బేకరీ ఆయన "చిల్లర ఉంటేనే ఎక్కండి కండక్టరమ్మా" అంటాడు. ఒకప్పుడు చిల్లర లేదని ఆయన్ని బస్సులోంచి దింపినంత పని చేసింది లెండి. పాపం, ఆ కక్ష ఇప్పుడిలా తీర్చుకుంటున్నాడు.

గొంతు తగ్గించడం ఆమెకు చేతకాదు. మీద పడి నిలబడ్డ జనాన్ని దాటుకుని వెనక సీటుదాకా వినపడేలా అరిచి అరిచి అలవాటైన గొంతు అది. ఇంట్లో భోజనాల దగ్గర "ఉప్పు అందుకో" అన్నా, రాబోయే స్టేజీ పేరు చెప్పినట్టే ఉంటుంది. పక్కింటివాళ్ళు కూడా ఉప్పు అందుకుంటారని కొడుకు వేళాకోళం.

ఇక లైసెన్సు సంగతి. డిపో క్యాంటీన్లో ఒకసారి ఒక డ్రైవరు అందరి ముందూ "ఆడవాళ్ళకి గేరెందుకమ్మా, గరిటె చాలదూ" అన్నాడు. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. మూడు నెలలపాటు సెలవు రోజుల్లో పాత జీపు మీద నేర్చుకుంది. మొదటిసారే పరీక్ష నెగ్గింది. ఆ లైసెన్సు తెచ్చి అదే క్యాంటీన్లో, అదే డ్రైవరు గ్లాసు పక్కన పెట్టి, తన టీ తాపీగా తాగి, లైసెన్సు మళ్ళీ సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత బండి నడిపింది లేదు. కానీ గడువు తీరకుండా ప్రతిసారీ కొత్తది చేయించుకుంటూనే ఉంది. అది నడపడానికి తెచ్చుకున్నది కాదు, నోళ్ళు మూయించడానికి తెచ్చుకున్నది. నోళ్ళకేం తక్కువ? ఎప్పుడు ఏది లేస్తుందో ఎవరికి తెలుసు.

ఆమె మనసులో మానని పుండు మరొకటి ఉంది. దాన్ని చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు.

పన్నెండేళ్ళు ఆమె ఒకే డ్రైవరుతో పనిచేసింది. ఆయన్ని డిపోలో మౌనముని అనేవాళ్ళు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఆయనకు జ్వరమని అర్థం. ఆమె గంట ఒకసారి కొడితే ఆగేవాడు, రెండుసార్లు కొడితే కదిలేవాడు. అంతకు మించి వాళ్ళిద్దరికీ భాష అక్కర్లేకపోయింది. ఆ పన్నెండేళ్ళలో ఆ బస్సు ఎవరికీ గీత కూడా పెట్టలేదు. అందుకని ఒక ఏడాది డిపోలో సభ పెట్టి మౌనమునికి పతకం ఇచ్చారు, ప్రమాదం లేకుండా బండి నడిపినందుకు. హాల్లో ఫోటో కూడా తగిలించారు. కండక్టరు ఊసే లేదు. ఆమె ముందు వరసలోనే కూర్చుని ఉంది.

సభ అయ్యాక మేనేజరు గదికి వెళ్ళి నిలదీసింది.

"అద్దంలో కనపడకుండా చక్రం పక్కకి వచ్చిన పిల్లల్ని చూసి గంట కొట్టిందెవరు సార్? తలుపు దగ్గర వేలాడేవాళ్ళని లోపలికి లాగిందెవరు?"

మేనేజరు నవ్వేశాడు. "అదంతా సరేనమ్మా. బండి నడిపేది డ్రైవరు కదా."

పక్కనే ఉన్న మౌనముని "బెల్లు కొట్టందే బండి కదలదు సార్" అన్నాడు. ఆ వారానికి సరిపడా మాటలు అక్కడ ఖర్చు పెట్టేశాడు. మేనేజరు దానికీ నవ్వాడు. ఆ నవ్వు కండక్టరమ్మ గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఉద్యోగం దిగినప్పుడు వచ్చిన సొమ్ముతో ఆమె కారు కొంది. బస్సు రంగే, ఇటుక ఎరుపు. కొన్నది కోడలి కోసం. కోడలు పెద్దాసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. రోగులు ఏమీ తినకముందే రక్తం తీయాలి కాబట్టి ఆరు కొట్టేసరికి సూది పట్టుకుని నిలబడాలి. అటువైపు మొదటి బస్సు చేరేది ఆరూ నలభైకి. ఆ సంగతి కండక్టరమ్మకు చెప్పాలా? ఆ బస్సు మీద ఆమె ఏడేళ్ళు పనిచేసింది. కొడుకు అచ్చాపీసులో పనిచేస్తాడు, సైకిలు మీద వెళ్తాడు. వాడికి స్టీరింగంటే భయం, వాళ్ళమ్మంటే భయం. రెండూ ఒకేచోట ఉంటే ఆ చాయలకే రాడు.

కోడలు కారు నడపడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. తెల్లవారుజామున ఆసుపత్రికి, మధ్యాహ్నం ఇంటికి, సెలవురోజు అత్తగారిని ఎక్కడికి కావాలంటే అక్కడికి. కండక్టరమ్మ ముందు సీట్లో కూర్చోదు. వెనక, ఎడమవైపు తలుపు దగ్గర కూర్చుంటుంది. కండక్టరు సీటు అక్కడే మరి. కూర్చుని, వేలి కణుపుతో తలుపు మీద రెండుసార్లు కొడుతుంది. అప్పుడు కోడలు కారు కదిలిస్తుంది. ఆపాలంటే ఒక్క దెబ్బ. మొదట్లో కోడలికి నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

కారు కొన్న వారం ఇన్సూరెన్సు ఆఫీసులో జరిగిన సంగతి ఇది. కౌంటరు దగ్గర గుమాస్తా ఫారం నింపుతూ అడిగాడు.

"ఈ కారు ముఖ్యంగా ఎవరు నడుపుతారమ్మా?"

"నేనే" అంది కండక్టరమ్మ. లైసెన్సు తీసి కౌంటరు మీద పెట్టింది.

గుమాస్తా చూసి కళ్ళెగరేశాడు. ఇన్నేళ్ళ లైసెన్సు, ఒక్క ప్రమాదం లేదు! ఎలా ఉంటుంది? అసలు నడిపితే కదా. ఆ లెక్కన వీధి చివర దీపస్తంభం కూడా ఎవరినీ గుద్దలేదు. పక్కన నిలబడ్డ కోడల్ని చూపించి "ఈవిడ?" అన్నాడు గుమాస్తా. "అప్పుడప్పుడూ" అంది కండక్టరమ్మ. ఆయన అలాగే రాసుకున్నాడు, కట్టాల్సింది కూడా బాగానే తగ్గించాడు.

ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు. బండి యజమాని తను. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో చెప్పేది తను. కోడలు చక్రం తిప్పుతుంది, అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆమె. ఆ మూడు కాళ్ళ కుందేలే నాలుగేళ్ళు చక్కగా పరుగెత్తింది కూడా.

ఒకరోజు పొద్దున్నే వాన. బేకరీ మలుపులో ఒక సైకిలాయన జారి సరిగ్గా కారు ముందు పడ్డాడు. కోడలు చక్రం ఒక్కసారిగా తిప్పింది. సైకిలాయన బతికిపోయాడు. కారు వెళ్ళి బేకరీ ముందున్న ఇనుప స్తంభాన్ని గుద్దుకుంది. ముందు దీపం పగిలింది, బానెట్ మడత పడింది, రేడియేటరు నీళ్ళు వాననీళ్ళలో కలిసిపోయాయి.

కబురు వినగానే కండక్టరమ్మ గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తింది. కోడలు రోడ్డు పక్కన నిలబడి ఏడుస్తోంది.

"నీకేమైనా తగిలిందా?"

"లేదత్తయ్యా."

"సైకిలాయనకి?"

"మోచెయ్యి దోక్కుపోయింది. అంతే."

"మరెందుకే ఏడుస్తావు? బండి ఇనుము. ఇనుము అతుక్కుంటుంది. నువ్వు అతుక్కుంటావా?" అని అరుస్తూనే తన పైట కొంగుతో కోడలి తల తుడిచింది. చూసినవాళ్ళు తిడుతోందనుకున్నారు.

నాలుగు రోజులకు ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు ఇంటికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెడకి టై, చంకలో ఫైలు, మాట మెత్తన. కారు ఫోటోలు బల్ల మీద పరిచాడు. ఒక ఫోటోలో కారు అద్దం మీద అంటించిన ఆసుపత్రి పార్కింగు చీటీ కనపడుతోంది. దాని మీద ఉన్నది కోడలి పేరు.

"ఆసుపత్రిలో కనుక్కున్నాను. నాలుగేళ్ళుగా వారానికి ఆరు రోజులు ఈ కారు ఆసుపత్రి పార్కింగులో ఉంటోందమ్మా. మీరు ఆసుపత్రిలో పనిచేస్తారా?"

"నేనెందుకు చేస్తాను?"

"మరి ముఖ్యంగా నడిపేది మీరేనని ఎలా చెప్పారు?"

కండక్టరమ్మ గంటల సంగతి చెప్పింది. ఒకటి కొడితే ఆగడం, రెండు కొడితే కదలడం, మౌనముని, పతకం, మేనేజరు నవ్వు, అన్నీ చెప్పింది. సర్వేయరు శ్రద్ధగా విన్నాడు. కానీ ఒక్క ముక్కా రాసుకోలేదు. అదే ఆమెకు మండింది.

"అమ్మా, మా ఫారంలో రెండే గడులున్నాయి" అన్నాడాయన. "మీరు తెలిసి తప్పు చెప్పారా, తెలియక చెప్పారా? తెలిసి చెప్పారంటే, తక్కువ కట్టడానికి మోసం చేసినట్టు. క్లెయిము రాదు, పాలసీ రద్దవుతుంది. రేపు వేరే కంపెనీకి వెళ్ళినా, ముందు కంపెనీ ఎందుకు రద్దు చేసిందని అడుగుతారు. ఇన్సూరెన్సు లేనిదే కారు రోడ్డెక్కదు కదా."

"తెలియక చెప్తే?"

ఆయన ఫైల్లోంచి ఒక కాగితం తీసి, ఆమె వైపు నెమ్మదిగా జరిపాడు. అచ్చు వేసిన కాగితమే. వయోభారం వల్ల, జ్ఞాపకశక్తి తగ్గడం వల్ల అడిగిన ప్రశ్న సరిగా అర్థం కాక పొరపాటు జవాబు ఇచ్చానని ఉంది అందులో. కింద సంతకానికి ఖాళీ.

"ఇది పెడితే ఫైలు కదులుతుంది. మీ మంచికే చెప్తున్నాను."

కొడుకు కళ్ళు మెరిశాయి. "సంతకమే కదమ్మా" అన్నాడు. కోడలు గిన్నెలు సర్దుతోంది.

కండక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. మూడోసారి పైకి చదివింది, వెనక సీటుదాకా వినపడేలా.

"నాకు అరవై మూడు, బాబూ. ముప్పై ఒక్క ఏళ్ళు నలభై రెండు స్టేజీల రేట్లు, కాగితం చూడకుండా చెప్పాను. ఇప్పుడూ చెప్తాను. వింటారా?"

"అవసరం లేదమ్మా…"

"వినండి." మొదలుపెట్టింది. డిపో నుంచి మార్కెట్టుకి ఇంత, మార్కెట్టు నుంచి కోర్టుకి ఇంత, పెద్దలకింత, పిల్లలకింత. సర్వేయరు పెన్ను పట్టుకుని పదకొండో స్టేజీదాకా భరించి, సోమవారం లోపల ఏదో ఒకటి తేల్చమని చెప్పి లేచాడు. గుమ్మం దిగుతున్నా ఆమె ఆపలేదు. ఆయన గేటు దాటేసరికి పద్దెనిమిదో స్టేజీ.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు మళ్ళీ ఎత్తాడు.

"పాము చావాలి, కర్ర విరక్కూడదు అంటే ఇదొక్కటే దారమ్మా."

"కర్ర విరగదురా. నేను విరుగుతాను" అంది.

"ఎవరు చూస్తారమ్మా ఆ కాగితం? ఎక్కడో ఫైల్లో పడుంటుంది."

"మీ నాన్న పోయినప్పుడు కూడా నేను సెలవు చీటీలో అబద్ధం కారణం రాయలేదు. ఇప్పుడు నాకు మతి పోయిందని నా చేత్తో రాసివ్వాలా? ఈ ఇంట్లో మతి ఉన్నదే నాకు."

కొడుకు కుక్కిన పేనులా తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఆ ముక్క ఎలాగూ కాదనలేడు.

కారు మూలపడ్డ మర్నాటి నుంచే కోడలికి తిప్పలు మొదలయ్యాయి. మొదటి బస్సులో వెళ్తే రోజూ ఆలస్యమే. ల్యాబులో పెద్దావిడ రెండు రోజులు ఊరుకుంది, మూడో రోజు పుస్తకంలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టింది. ఎర్ర గుర్తులు అయిదైతే పొద్దుటి డ్యూటీ తీసేస్తారు. పొద్దుటి డ్యూటీ పోతే ఆ ఉద్యోగంలో మిగిలేది సీసాలు కడగడమే. ఆ మాట కోడలు అత్తగారితో అనలేదు. కొడుకు అన్నాడు, అదీ తలుపు అవతలి నుంచి.

కండక్టరమ్మ ఊరికే కూర్చోలేదు. రెండు రోజులు కూర్చుని మూడు పేజీల ఉత్తరం రాసింది, ఇన్సూరెన్సు కంపెనీ పెద్దాయనకి. శనివారం సాయంత్రం కోడల్ని కూర్చోబెట్టి చదివి వినిపించింది. బండి నడపడమంటే చక్రం పట్టుకోవడమొక్కటే అనుకునేవాళ్ళు బండి గురించి ఏమీ తెలియనివాళ్ళని అందులో ఉంది. ముందు వరసలో కూర్చున్న మనిషిని లేనట్టే చూసి, పక్కవాడికి పతకం ఇవ్వడం ఎంత అన్యాయమో ఉంది. పనిచేసేవాళ్ళ పేరు కాగితం మీద లేకపోతే ఆ కాగితం చిత్తుకాగితమని కూడా ఉంది. చదువుతుంటే తన గొంతుకు తనకే ఒళ్ళు పులకరించింది.

కోడలు వేడినీళ్ళ బేసిన్లో కాళ్ళు పెట్టుకుని చివరిదాకా వింది. బస్సు దిగాక ఆసుపత్రిదాకా నడిచి నడిచి మడమలు పగిలి ఉన్నాయి.

"బాగుందత్తయ్యా" అంది. "ఒక్క మాట అడగనా?"

"అడుగు."

"ఆ రోజు కౌంటరు దగ్గర నేను మీ పక్కనే ఉన్నాను కదా. కారు తాళం నా చేతిలోనే ఉంది."

"అయితే?"

"ఏం లేదు. మీ మేనేజరు కూడా మిమ్మల్ని ఎదురుగా పెట్టుకునే ఆ మాట అన్నారు కదా. గుర్తొచ్చింది, అంతే."

కోపంగా అనలేదు. నీళ్ళు చల్లారాయని చెప్పినట్టు అంది. కాళ్ళు తుడుచుకుని బేసిను తీసుకుని లోపలికి వెళ్ళింది.

కండక్టరమ్మ చేతిలో మూడు పేజీలూ అలాగే ఉండిపోయాయి. నాలుగేళ్ళ కిందటి కౌంటరు కళ్ళముందుకు వచ్చింది. "అప్పుడప్పుడూ" అని తను అన్నప్పుడు ఆ పిల్ల చేతిలో తాళం కేసి ఒకసారి చూసుకుని, సంచీలో వేసుకుంది. అది తను చూసింది. చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. మేనేజరు కూడా ఇలాగే చూసి ఉంటాడు.

ఆమెకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవులు వేడెక్కే సిగ్గు. ముప్పై ఒక్క ఏళ్ళలో టిక్కెట్టు లేనివాళ్ళని ఎందరినో పట్టుకుంది. అందులో ఒక్కడు కూడా తనంత దర్జాగా కూర్చోలేదనిపించింది. ఉత్తరం నాలుగు ముక్కలుగా చింపింది, చింపడం చేతికి అలవాటైన పనే కదా. కొత్త కాగితం తీసింది. ఈసారి పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరికీ చదివి వినిపించలేదు.

సోమవారం పొద్దున్న ఒక్కతే వెళ్ళి సర్వేయరు బల్ల ముందు కూర్చుంది. ఆయన అచ్చు కాగితం కోసం చెయ్యి చాపాడు. ఆమె తన కాగితం ఇచ్చింది. అందులో ఇలా ఉంది.

"మీ ప్రశ్న నాకు ఆ రోజే అర్థమైంది. నా మతి బాగానే ఉంది. కట్టేది తగ్గుతుందని చెప్పలేదు, తగ్గుతుందని నాకు అప్పటికి తెలియదు. కారు నాది. నాలుగేళ్ళుగా నడిపేది నా కోడలు. బాగా నడుపుతుంది. మనిషిని కాపాడి స్తంభాన్ని గుద్దింది, నేను పక్కనున్నా అదే చెయ్యమనేదాన్ని. నడిపేది నేనేనని చెప్పింది నా పొగరు. పొగరుకి మీ ఫారంలో గడి లేదు కాబట్టి విడిగా రాసిస్తున్నాను."

సర్వేయరు చదివి కళ్ళజోడు తీశాడు.

"అమ్మా, ఇది ఫైల్లో పెడితే క్లెయిము రాదు. తెలుసా?"

"తెలుసు."

"ఆ కాగితం మీద ఒక్క సంతకం పెడితే…"

"ఆ కాగితం అబద్ధం. ఒక అబద్ధం కడుక్కోడానికి ఇంకో అబద్ధం ఆడమంటారా? ముసలిదాన్ని కాబట్టి ఏమన్నా చెల్లుతుందనా? ముసలివాళ్ళకి తప్పు చేసే హక్కు కూడా లేదా బాబూ? నేను తప్పే చేశాను. నా మతి చెయ్యలేదు, నేను చేశాను."

చుట్టూ బల్లల దగ్గర పనులు ఆగిపోయాయి. ఆ గొంతుకి ఆగక చస్తాయా?

"అంటే తెలిసే చెప్పారని రాసుకోమంటారా?" అన్నాడాయన, ఇంకా నమ్మలేక.

"తెలిసే. రాసుకోండి. కింద మాత్రం నడిపేది ఎవరో పెద్ద అక్షరాల్లో రాయండి. ఆ పిల్ల పేరు స్పెల్లింగు తప్పు పోకూడదు."

ఆయన ఆమె కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. చివరికి, క్లెయిము ఎలాగూ రాదని, కానీ తనంతట తాను వచ్చి నిజం రాసిచ్చారు కాబట్టి పాలసీ రద్దు చెయ్యకుండా పేరు మార్చి కొనసాగించమని సిఫారసు రాస్తానని చెప్పాడు. కట్టేది మాత్రం పెరుగుతుంది.

"నా చేతిలో ఉన్నది ఇంతేనమ్మా."

"మీ చేతిలో ఉన్నది మీరు చేశారు. మంచివారే" అంది కండక్టరమ్మ. లేచి, ఆ అచ్చు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయనకే ఇచ్చేసింది. "ఇది ఇంకెవరికీ ఇవ్వకండి. ఒప్పుకునేవాళ్ళుంటారు."

ఇంట్లో కొడుకు తల పట్టుకున్నాడు. సొంత ఖర్చుతో బాగుచేయించడమంటే మాటలా? మెకానిక్కు షెడ్డులో కారు అయిదు వారాలు పడుంది. ఒక వారం రేడియేటరు, మరో వారం దీపం. ఈ అయిదు వారాలూ కోడలు ఆరింటికి ఎలా చేరాలి? ఎర్ర గుర్తులు అప్పటికే మూడు.

కండక్టరమ్మ నేరుగా డిపోకి వెళ్ళింది. డ్రైవర్లనీ కండక్టర్లనీ ఇళ్ళ దగ్గర ఎక్కించుకునే సిబ్బంది బండి ఒకటి తెల్లవారకముందే ఆ దారినే పోతుంది. ఉద్యోగం దిగినవాళ్ళు, వెంట ఇంటిమనిషిని ఒకరిని తీసుకుని, అందులో ఎక్కవచ్చని పాత రూలు ఉంది. కొత్త మేనేజరు ఆ రూలు ఎన్నడూ వినలేదన్నాడు. నోటీసుబోర్డు అడుగు పొరలోంచి పసుపు పచ్చబడిన కాగితం తీసి చూపించింది.

"ఇది ఎవరూ వాడడం లేదమ్మా."

"వాడకపోతే రూలు చచ్చిపోతుందా?"

రూలు ప్రకారం కోడలు ఒక్కతే ఎక్కడానికి లేదు, కండక్టరమ్మ వెంట ఉండాలి. ఉంది. అయిదు వారాలు, వారానికి ఆరు రోజులు, నాలుగింటికే లేచి కోడలితో పాటు మూల మీద నిలబడింది. కోడల్ని ఆసుపత్రి దగ్గర దింపి, మొదటి బస్సులో తిరిగి వచ్చేది. మోకాళ్ళు నొప్పి. "నీకెందుకమ్మా ఈ శిక్ష" అన్నాడు కొడుకు. "శిక్ష కాదురా, డ్యూటీ" అంది.

సిబ్బంది బండిలో ఆమె కోడలి పక్కనే కూర్చునేది. అక్కడే ఒక సంగతి గమనించింది. ముందు వాహనం నెమ్మదించగానే కోడలి కుడి పాదం నేల మీద నొక్కుకునేది, ఎవరూ చెప్పకుండానే. మలుపు రాకముందే కళ్ళు అటు తిరిగేవి. ఎవరో రోడ్డు దాటబోతే, అసలు డ్రైవరు కన్నా ముందు ఆ పాదం కదిలేది. వెనక సీట్లో కూర్చుని నాలుగేళ్ళు తలుపు కొట్టిన మనిషికి, ముందున్నవాళ్ళ కాళ్ళు ఎలా కనపడతాయి? తను ఒకటి కొట్టేలోపే ఆ పిల్ల ఎన్నిసార్లు బ్రేకు వేసి ఉంటుందో అనుకుంది. అనుకుని, ఊరుకోలేకపోయింది.

"ఏమే, నేను తలుపు కొట్టకముందే నువ్వు ఆపేసేదానివి కదూ?"

కోడలు కిటికీలోంచి చూస్తూ నవ్వింది. "కొట్టేదాకా ఆగితే మనం ఇక్కడుండేవాళ్ళం కాదత్తయ్యా."

బండిలో ఉన్న సిబ్బందంతా పగలబడి నవ్వారు. కండక్టరమ్మ కూడా నవ్వింది. ఈ నవ్వు ఎక్కడా గుచ్చుకోలేదు.

కారు తిరిగి వచ్చిన రోజు సాయంత్రం కంపెనీ నుంచి ఫోను వచ్చింది, కొత్త పాలసీ వివరాలు సరిచూసుకోడానికి. కండక్టరమ్మ స్పీకరు నొక్కి ఫోను బల్ల మీద పెట్టింది. ఎదురుగా కోడలు కూర్చుని ఉంది, కారు తాళం చేతిలోనే ఉంది. కొడుకు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"యజమానిగారేనాండీ?" అంది అవతల ఒక అమ్మాయి గొంతు.

"యజమానినే."

"ఈ కారు ముఖ్యంగా ఎవరు నడుపుతారండీ?"

అలవాటు చొప్పున కండక్టరమ్మ నోరు తెరుచుకుంది. మూసుకుంది. ఫోనును వేలితో కోడలి వైపు నెట్టింది.

"ఆవిడ ఇక్కడే ఉంది. ఆవిడనే అడగండి."

కోడలు ఒక క్షణం అత్తగారి మొహం చూసింది. "నేనే" అంది, చాలా మెల్లగా.

"సరిగ్గా వినపడలేదండీ."

"గట్టిగా చెప్పవే!" అని అరిచింది కండక్టరమ్మ. "వెనక సీటుదాకా వినపడాలి."

"నేనే! నేనే నడుపుతాను!"

కండక్టరమ్మ వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టింది.